మూత మూస్తే రెండు

పరకాల తాసీలాఫీసు ఎదురుంగ
ఫొటోస్టాట్ మిషను పక్కన
నాది ఒక రేకుల దుకాణం.
ఒక సెకండ్‌హ్యాండు ల్యాప్‌టాపు,
హన్మకొండల మూతవడ్డ కోచింగు సెంటర్‌కెల్లి
గుండుగుత్తగ తెచ్చిన మూడు మానిటర్లు.
ఒకదాని మూలకు ఇంకా
"రోల్ నంబరు 17" అని కాయితం అతికే ఉన్నది.

మూడు ఎందుకంటే,
పాత పహాణి ఒకదాంట్ల,
కొత్త పాసుబుక్కు ఒకదాంట్ల,
నక్ష ఒకదాంట్ల.
ఒకటి మూసి ఒకటి తీస్తే
వచ్చినోళ్లకు నమ్మకం కుదరదు.
"ఇందాకటిది మళ్ల తియ్యి బిడ్డా" అంటరు,
అది తీసేలోపల ఇది మరుస్తరు.

పొద్దటి సంది వైర్లు గుచ్చుడే.
నీలి మూతి వైరు, సన్న మూతి వైరు,
నాలుగు నోళ్ల హబ్బు.
మూడోది పెట్టంగనే రెండోది పోతది,
రెండోది పీకితే మూడోది లేస్తది.
భూపాలపల్లి బస్సుల సీటు లెక్క
ఒకరు లేస్తెనే ఒకరు కూసునుడు.
ఒకసారైతే రెంటి మీద ఒకటే బొమ్మ,
కవల పిల్లల లెక్క నన్నే చూసినయ్.

తాజుద్దీన్‌కు ఫోన్ చేసిన.
"అక్కా, తప్పు వైరుది గాదు, నీది గాదు,
దాని పుట్టుకనే అంత.
ఎన్ని బొర్రలున్నా
లోపలి చిప్పు రెండు బొమ్మలే మోస్తది.
మూత మూసెయ్యి.
దాని సొంత తెర ఆరితే
బయటివి రెండు వెలుగుతయ్."

మూసిన.
వెలిగినయ్.
తన కన్ను మూసుకొని
పరాయి కండ్లు రెండు తెరిచింది.
మూడో దాని మీద
"సిగ్నల్ లేదు" అనే నీలి ముక్క
ఇంట్ల జొర్రిన పిట్ట లెక్క
అటు గోడకు ఇటు గోడకు తాకి
ఆరిపోయింది.

అప్పుడొచ్చిండు కోరె ఓదెలు,
చెవుల సగం తాగిన బీడీ,
యూరియా సంచి ముక్కల చుట్టిన కాయితాలు.
రెండు తెరలూ చదివి చెప్పిన.
ఎడమ దిక్కు రెండెకరాల పదకొండు గుంటలు.
కుడి దిక్కు రెండెకరాల ఒక గుంట.
"మరి నా పది గుంటలు?"
బాణం గుర్తును ఇటు నుంచి అటు జరిపిన.
నడుమ నల్లటి ప్లాస్టిక్ అంచు,
రెండు వేళ్ల మందం.
బాణం అండ్ల మునిగి
ఏం కానట్టు అవతల తేలింది.
ఓదెలు లేచొచ్చి
ఆ అంచు మీద వేలు పెట్టిండు.
"గిండ్ల వడ్డయా?"

నాకు నవ్వు రాలే.
"నక్ష చూడాలె తాతా, దానికి తెర లేదు."
"నక్షకు తెరెందుకు?"
కింద కూసుండి
బండల మీద అగ్గిపుల్లలు పేర్చిండు.
ఇది ఒర్రె.
ఇది మోదుగు చెట్టు, కొట్టేసిన్రు గని మొద్దు ఉన్నది.
ఇది కనకమ్మ బాయి గడ్డ.
ఇక్కడ గెట్టు వంకరెందుకంటే
మా అయ్య దున్నిన నాడు
వలపటెద్దు కుంటుతుండె.
పుల్లలు అయిపోయినయ్,
పడమటి గెట్టు ఇంకా మిగిలింది.
చెవుల బీడీ తీసి అడ్డం పెట్టిండు.

దరఖాస్తు కొట్టిన,
చెప్పిన హద్దులు చెప్పినట్టు.
బీడీని మాత్రం ఏమని రాయాలెనో తెల్వక
పడమర అని రాసిన.

తాజుద్దీన్ మళ్ల చేసిండు.
సొంత చిప్పున్న డబ్బ ఒకటి దొరుకుతదట,
రెండువేల ఎనిమిది వందలు,
మూడోది కూడ లేస్తదట గని
బొమ్మ కొంచెం ఆలిస్యంగ కదులుతదట.
ఓదెలుకు ఇనవడ్డది.
"తెప్పియ్యి బిడ్డా,
ఆలిస్యం మాకు అలవాటే."

పొద్దు గూకినంక
చార్జింగు చూద్దామని మూత లేపిన.
ఏది ఆరాలెనో అది నన్ను అడగలే.
పాత పహాణి ఆరింది.

కింద బండల మీద పుల్లలు అట్లనే ఉన్నయ్.
చీపురు అందుకున్న,
మళ్ల మూలకు పెట్టిన.